ఐదు త్రీలు వేయించి 4/10 ఇచ్చారు: నెల్లూరులో ఒక బాస్కెట్‌బాల్ అసెస్‌మెంట్ క్యాంప్ గురించి

క్యాంప్ పేరు రాయను. నడిపేవాళ్లు కుర్రాళ్లు, మోసగాళ్లు కారు, తెలియక చేసిన తప్పులే ఎక్కువ. కానీ రెండు రోజులకి 2,500 తీసుకున్నారు కాబట్టి ఆ డబ్బుకి ఏమొచ్చిందో ఏం రాలేదో చెప్పాలి కదా. దసరా సెలవుల్లో ఇంకో బ్యాచ్ పెడుతున్నారట, అందుకే ఇప్పుడు రాస్తున్నా.

మా అక్కావాళ్లది కావలి. వాళ్లబ్బాయికి పదిహేనేళ్లు, మూడేళ్లుగా బాస్కెట్‌బాల్ పిచ్చి. మే నెలలో వాట్సాప్‌లో ఒక పోస్టర్ తిరిగింది, రెండు రోజుల్లో మీ పిల్లల టాలెంట్ ఎంతో తేల్చేస్తాం, జిల్లా సెలెక్షన్లకి రెడీగా ఉన్నారో లేదో రిపోర్ట్ ఇస్తాం అని. మా బావకి ఆటల మీద నమ్మకం లేదు గానీ రిపోర్టుల మీద ఉంది. ఇదీ బ్లడ్ టెస్ట్ లాంటిదే అనుకుని ఫోన్‌పే కొట్టేసి, "నువ్వు నెల్లూర్లోనే ఉన్నావు కదా, వాణ్ణి తీసుకెళ్లు" అని నాకు అప్పజెప్పాడు.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి, లేకపోతే వీడెవడు తీర్పు చెప్పడానికి అంటారు. సిమెంట్ కోర్టు మీద ఆడీ ఆడీ మోకాలు పోగొట్టుకున్న బ్యాచ్ మాది. ఇప్పుడు ఆడటం లేదు, చూడటమే. ఏటా జూన్‌లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్, అంటే ఆ అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ టీములు కొత్త కుర్రాళ్లని వరసగా ఏరుకునే కార్యక్రమం (ఒక్కో ఎంపికని పిక్ అంటారు), మనకి ఉదయం 5:30కి మొదలవుతుంది, ఆ రోజు మా వీధిలో పాలవాడి కంటే ముందు లేచేది నేనే. మొదటి పది పేర్ల మీద నాకు పెద్ద ఆసక్తి లేదు, వాళ్లెవరో ఏడాది ముందు నుంచే అందరికీ తెలుసు. ఇరవై ఐదో నంబర్ దాటాకే మజా. 30 టీములు, రెండు రౌండ్లు, లెక్కకి 60 మంది. 2024 నుంచి రెండో రౌండ్‌ని రెండో రోజుకి జరిపారు, దాంతో నాకు ఇంకో రోజు నిద్ర పోతోంది.

ఆ చివరి పిక్‌లు ఎలా ఏరుతారో అర్థం కావాలంటే మా అమ్మతో చేపల మార్కెట్‌కి వెళ్లాలి. తెల్లవారుజామున వెళ్తే వంజరం, చందువా మెరిసిపోతుంటాయి, ఏరడానికి తెలివి అక్కర్లేదు, జేబులో డబ్బుంటే చాలు. పదింటికి వెళ్తే మిగిలినవే దిక్కు. అప్పుడు మా అమ్మ అడిగేది ఒకటే, "ఇది ఎందుకు మిగిలింది?" పాడై మిగిలిందా, తోక తెగిందని మిగిలిందా, చూడ్డానికి బాలేదని మిగిలిందా. మొప్ప ఎత్తి చూస్తుంది, వేలితో నొక్కి చూస్తుంది. తోక తెగిన చేప పులుసులో పడ్డాక ఎవరికి తెలుసు?

2014లో 41వ పిక్ దాకా మిగిలినవాడు నికోలా జోకిచ్. ఎందుకు మిగిలాడు? లావు, పరుగు తక్కువ, ఎగరడం ఇంకా తక్కువ, ఆడేది ఎక్కడో సెర్బియాలో. డెన్వర్ టీమ్ అతన్ని తీసుకుంటుంటే టీవీలో టాకో బెల్ యాడ్ నడుస్తోంది, అతనేమో ఇంట్లో నిద్రపోతున్నాడు. పాసింగ్, చేతిలో ఆ మెత్తదనం, వీటికి ఎగరాల్సిన పని లేదని తర్వాత మూడు ఎంవీపీలు (సీజన్‌లో అందరికంటే విలువైన ఆటగాడికిచ్చే అవార్డు), 2023లో ఒక టైటిల్ చెప్పాయి. డ్రేమండ్ గ్రీన్ 2012లో 35వ పిక్. రింగ్ కింద ఆడటానికి పొట్టి, బయట ఆడటానికి వేగం చాలదు అన్నారు, కానీ చేతులు చాపితే 7 అడుగుల 1 అంగుళం. 2011లో అందరికంటే చివర, 60వ పిక్‌గా పోయిన ఐజయా థామస్ మిగలడానికి కారణం ఒక్కటే, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. 2016-17 సీజన్‌లో బోస్టన్‌కి ఆటకి 28.9 పాయింట్లు కొట్టాడు. మాల్కం బ్రాగ్డన్ వయసు ఎక్కువని, కాలేజీలో ఐదేళ్లు ఉన్నాడని 36 దాకా జారాడు, మరుసటి ఏడాది రూకీ ఆఫ్ ద ఇయర్, అంటే కొత్తవాళ్లలో ఉత్తముడు, అతనే.

అలాగని మిగిలిన ప్రతివాడూ మాణిక్యం కాదు. రెండో రౌండ్‌లో వెళ్లినవాళ్లలో చాలామంది పేర్లు రెండేళ్లకి ఎవరికీ గుర్తుండవు. మన సత్నామ్ సింగ్ ఉన్నాడు, 7 అడుగుల 2 అంగుళాలు, 2015లో డల్లాస్ 52వ పిక్‌గా తీసుకుంది, భారత్‌లో పుట్టి డ్రాఫ్ట్ అయిన మొదటివాడు, ఆ ఉదయం నేను ఇంట్లో అరిచిన అరుపుకి పక్కింటివాళ్లు బయటికొచ్చారు. రెగ్యులర్ సీజన్‌లో మాత్రం ఒక్క ఆటా ఆడలేదు. అందుకే మా అమ్మ ప్రశ్న అడగాలి, జవాబు కూడా ఓపిగ్గా వెతకాలి. ఈ క్యాంప్‌లో ఆ ప్రశ్నే లేదు.

సరే, క్యాంప్‌లోకి వద్దాం. మాగుంట లేఅవుట్ నుంచి ఆటోలో పది నిమిషాలు, సిమెంట్ కోర్టు. ఆరింటికి రమ్మన్నారు, ముప్పై నాలుగు మంది పిలకాయలు, రిజిస్ట్రేషన్‌కే ముప్పావు గంట పట్టింది. మే నెల నెల్లూరు ఎండ గురించి నేను చెప్పక్కర్లేదు, ఎనిమిదిన్నరకల్లా కోర్టు పెనం అయిపోయింది, నీడకి ఒక షామియానా కూడా లేదు, తాగడానికి ఒకే ఒక్క వాటర్ క్యాన్, అది తొమ్మిదింటికి ఖాళీ. తల్లిదండ్రులే బయటికెళ్లి బాటిళ్లు తెచ్చుకున్నారు. ఒకవైపు రింగ్ ముందుకి వంగి ఉంది, 305 సెంటీమీటర్ల ఎత్తులో సమంగా ఉండాల్సింది అలా వాలితే షాట్ పడిందా లేదా అన్న లెక్కకి అర్థమేంటి? అమ్మాయిలు ఆరుగురు వచ్చారు, వాళ్లకీ అబ్బాయిల 7 నంబర్ బంతే ఇచ్చారు. వాళ్లకి 6 నంబర్ ఇవ్వాలి అబ్బయ్యా అంటే నడిపే కుర్రాడు సిగ్గుపడి "రేపు తెస్తాం సార్" అన్నాడు, తెచ్చాడు కూడా. ఆ మాట నిలబెట్టుకున్నందుకు అర స్టార్ ఎక్కువ ఇస్తున్నా.

కొలతలు. ఇక్కడే నాకు మొదట మండింది. ఎత్తు బూట్లతో కొలిచారు. ఎన్‌బీఏ టీములు షికాగోలో కంబైన్ అని పెట్టి కుర్రాళ్లని కొలిచేటప్పుడు బూట్లు విప్పిస్తారు, ఎందుకంటే బూటు మందం ఎవరికి కావాలి? మావాడు బూట్లతో 177, విప్పితే 174.5. ఇంక చేతులు చాపిన పొడవు. దీన్నే మనవాళ్లు బార అంటారు, బావి లోతు, మోకు పొడవు బారల్లోనే చెప్పేవాళ్లు, కాబట్టి వింగ్‌స్పాన్ అని ఇంగ్లీషులో అంటే కొత్త విద్యేం కాదు. ఇద్దరు పిల్లల చేతికి టేపు ఇచ్చి చెరో కొస పట్టుకోమన్నారు, టేపు మధ్యలో ఊయలలా వేలాడుతోంది, వాడి మోచేతులు వంగే ఉన్నాయి, 179 అని రాసేశారు. ఇంటికొచ్చాక గోడకి వీపు ఆనించి నిలబెట్టి, రెండు చేతుల కొసల దగ్గరా పెన్సిల్ గీతలు పెట్టి నేను కొలిచా. 184. బూట్లు విప్పిన ఎత్తు మీద తొమ్మిదిన్నర సెంటీమీటర్లు ఎక్కువ! అదే వాడిలో ఉన్న అసలు విషయం, అదే రిపోర్ట్‌లో లేదు. వాళ్ల లెక్క ప్రకారం చూస్తే ఎత్తుకీ బారకీ రెండే తేడా, మామూలు పిల్లాడు. ఎగురు మాత్రం సరిగ్గా కొలిచారు, వేళ్లకి సుద్ద పూసి గోడ మీద అచ్చు వేయించి మూడు ప్రయత్నాలు ఇచ్చారు. పరుగుకి స్టాప్‌వాచ్ పట్టుకున్న కుర్రాడు కూడా శ్రద్ధగా చేశాడు.

షూటింగ్‌కి వస్తే, ఒక్కొక్కరితో ఐదు త్రీలు, అంటే దూరపు గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు, వేయించారు. ఐదంటే ఐదే! మావాడికి ఒకటి పడింది, 4/10. కొంచెం లెక్క చెప్తా, ఓపిక పట్టండి. వందకి నలభై త్రీలు వేసేవాడంటే ఎన్‌బీఏలో కూడా మంచి షూటర్. అలాంటివాడికి ఐదు షాట్లు ఇస్తే ఒకటే పడటమో అసలు పడకపోవడమో జరిగే అవకాశం దాదాపు మూడో వంతు. అదే వందకి ఇరవై ఐదు వేసే సాదాసీదావాడికి ఐదింట్లో రెండో అంతకంటే ఎక్కువో పడే అవకాశం కూడా మూడో వంతు పైనే. అంటే ఐదు షాట్లతో షూటర్‌ని తేల్చడం నాణెం ఎగరేసినట్టే. ఒక్కొక్కరికి యాభై వేయించాలి, టైం లేదంటే ఫ్రీ త్రోలు (ఫౌల్ అయినప్పుడు గీత దగ్గర నిలబడి వేసే షాట్లు) వేయించాలి. అమెరికాలో కాలేజీ కుర్రాళ్లని చూసేవాళ్లు ఫ్రీ త్రో శాతాన్ని అంతగా పట్టుకునేది ఇందుకే. ఎవరూ అడ్డం రారు, దూరం మారదు, చెయ్యి బాగుందో లేదో అక్కడ తెలుస్తుంది, త్రీలు తర్వాత నేర్పుకోవచ్చు. ఈ క్యాంప్‌లో రెండు రోజుల్లో ఒక్క ఫ్రీ త్రో వేయించలేదు. పోనీ షాట్ వేసేటప్పుడు మోచెయ్యి ఎటు పోతోంది, బంతి తిరుగుతూ వెళ్తోందా అని ఎవరైనా చూశారా అంటే, లేదు, పడిందా లేదా అని టిక్కులు పెట్టుకున్నారు.

వయసు సంగతి ఇంకా ఘోరం. పదమూడు నుంచి పదిహేడు దాకా ఒకే గుంపు, ఒకే మార్కుల పట్టిక. మీసం వచ్చినవాడూ రానివాడూ ఒకే లేన్‌లో తోసుకుంటుంటే ఎవడు గెలుస్తాడో చూడ్డానికి క్యాంప్ ఎందుకు? డ్రాఫ్ట్‌లో పందొమ్మిదేళ్లవాడు చేసే పని ఇరవై రెండేళ్లవాడు చేస్తే దానికి అదే విలువ కట్టరు. ఇక్కడ నాలుగేళ్ల తేడాని అసలు పట్టించుకోలేదు.

ఇప్పుడు ఆ రిపోర్ట్. లామినేషన్ చేసిన రంగుల కాగితం, పైన లోగో, ఆరు అంశాలు, ఒక్కోదానికి పదికి మార్కులు, కింద లావు అక్షరాల్లో సగటు 6.2. దాని కింద ఒక వాక్యం, భవిష్యత్తులో సెంటర్ పొజిషన్‌కి అనుకూలం. సెంటర్ అంటే రింగ్ దగ్గర ఆడే బాగా పొడుగువాడు. నేను పెద్దగా నవ్వేశా. ఆ రోజు వచ్చినవాళ్లలో మావాడు కొంచెం పొడుగు, అంతే కారణం. మా బావ 172, మా అక్క 158. మగపిల్లలకి పిల్లల డాక్టర్లు వాడే ఒక లెక్క ఉంది, తల్లిదండ్రుల ఎత్తులు కలిపి 13 కలిపి రెండుతో భాగిస్తే వచ్చేది 171.5. అటూ ఇటూ కొన్ని సెంటీమీటర్లు పోతుంది, వాడిప్పటికే దాటేశాడు, బాగా పెరిగితే 180 అనుకుందాం. 180 సెంటీమీటర్ల సెంటర్‌ని జిల్లా స్థాయి దాటాక ఎవడు ఆడిస్తాడు? వాణ్ణి ఇప్పటి నుంచి రింగ్ కింద నిలబెడితే బంతి తీసుకెళ్లడం రాకుండా పోతుంది, పద్దెనిమిదేళ్లకి అటూ కాడు ఇటూ కాడు. వాడు ఆ కాగితం చదువుకుని రెండు రోజులు ముభావంగా ఉండి, "మామా, నేనింక డ్రిబ్లింగ్ ప్రాక్టీస్ చెయ్యక్కర్లేదా?" అని అడిగాడు. ఏం చెప్పమంటారు?

సగటు గురించే నా గొడవంతా. మొదటి పది పిక్‌లలో పోయేవాణ్ణి అన్నీ వచ్చా అని చూస్తారు, న్యాయమే. చివరి పిక్‌కి అన్నీ వచ్చినవాడు ఎలాగూ దొరకడు. ఒక్కటి గట్టిగా వచ్చి, మిగతావాటిలో టీమ్‌ని ముంచనివాడు కావాలి. అన్నింట్లో ఆరు వచ్చినవాడూ, డిఫెన్స్‌లో తొమ్మిది, షూటింగ్‌లో మూడు వచ్చినవాడూ సగటులో ఒకటే అయిపోతారు, కానీ కోచ్‌కి పనికొచ్చేది రెండోవాడు. రెండో రౌండ్ కుర్రాడికి జీతానికి గ్యారంటీ కూడా ఉండదు, మొదటి రౌండ్‌వాళ్లకి ఉన్నట్టు. చాలామందికి దొరికేది టూ-వే కాంట్రాక్ట్, పెద్ద టీమ్‌కీ ఎన్‌బీఏ కింది స్థాయి జీ లీగ్‌కీ మధ్య తిరగడం, టీమ్‌కి అలాంటివి మూడే. అక్కడ నిలబడాలంటే నాకు ఈ ఒక్క పని వచ్చు అని చూపించాలి. మన దగ్గరా అంతే అనుకోండి. జిల్లా టీమ్‌కి పన్నెండు మంది. మొదటి ఏడుగురు ఎవరో కోర్టు బయట టీ అమ్మేవాడికి కూడా తెలుసు. పదకొండూ పన్నెండూ ఎవరన్న దగ్గరే సెలెక్టర్లు తలలు పట్టుకుంటారు, ఇలాంటి క్యాంప్‌కి డబ్బు కట్టేవాళ్లందరూ ఆ రెండు చోట్ల కోసం కొట్టుకునేవాళ్లే. ఆ సంగతి నడిపేవాళ్లకి తెలిస్తే రిపోర్ట్ ఇంకోలా ఉండేది.

ఇంక మంచి మాట. రెండో రోజు ఐదుగురు ఐదుగురిని ఆడించి, ట్రైపాడ్ మీద ఫోన్ పెట్టి మొత్తం వీడియో తీశారు. అడిగినవాళ్లకే ఇస్తారు, పోస్టర్‌లో లేదు, పెద్దగా చెప్పను కూడా చెప్పరు, అడిగితే కొంచెం నసిగి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చారు. 2,500కి నాకు గిట్టింది ఇదొక్కటే. రాత్రి భోంచేసి కూర్చుని చూశా, మావాడు ఆడింది ఇరవై రెండు నిమిషాలు, ఆపి ఆపి చూస్తే రెండు గంటలు పట్టింది. కొట్టింది నాలుగు పాయింట్లే. కానీ ఎదుటివాళ్ల పాస్‌కి వీడి చెయ్యి తగిలి బంతి దారి మారింది ఏడుసార్లు! ఆ పొడుగు చేతులు పని చేస్తున్నాయి, స్కోర్ షీట్‌లో దానికి గడి లేదు, అంతే. తప్పులు కూడా రాసుకున్నా, మేనల్లుడని వదల్లేదు. ఎడమ చెయ్యి అసలు లేదు, ప్రతిసారీ కుడివైపే వెళ్తున్నాడు, మూడోసారికి ఎదుటివాడు కనిపెట్టేశాడు. డిఫెన్స్‌లో మోకాళ్లు వంచడు, నిక్కి నిలబడతాడు. నోరు తెరవడు, వెనక స్క్రీన్ (దారికి అడ్డంగా వచ్చి నిలబడే ఎదుటి టీమ్‌వాడు) వస్తోందని పక్కవాడికి అరిచి చెప్పాలి కదా, వీడు మౌనవ్రతం. ఎందుకు మిగిలిపోతాడు అని అడిగితే ఈ మూడూ నా జవాబు, మూడూ నేర్పితే వచ్చేవే. తోక తెగిన చేప, పాడైనది కాదు.

అదే వీడియోలో ఇంకో పిల్లాడున్నాడు, గూడూరు నుంచి వచ్చాడు, పొట్టి, బూట్లు కూడా ఎవరివో పెద్ద సైజువి. రిపోర్టులు పంచేటప్పుడు వాళ్ల నాన్న నాకు చూపించాడు, 5.1. నన్నడిగితే మావాడి కంటే ముందు వాణ్ణే తీసుకుంటా. బంతి చేతికి రాకముందే తల తిప్పి ఎవరెక్కడున్నారో చూసుకుంటున్నాడు, పాస్ పోగొట్టుకున్న మరుక్షణం తల దించుకోకుండా వెనక్కి పరిగెత్తాడు, ఒకసారి తనకంటే అడుగు పొడుగున్నవాడి ముందు నిలబడి ఛార్జ్ తీసుకుని, అంటే కదలకుండా ఢీకొట్టించుకుని ఫౌల్ రాబట్టి, వెల్లకిలా పడి లేచి నవ్వాడు. వాళ్ల నాన్నకి ఇదంతా చెప్పా. ఆయన నమ్మలేదు, కాగితంలో 5.1 ఉంది కదా అన్నాడు. ఇదీ ఆ లామినేషన్ చేసే హాని.

ఇంటర్వ్యూ అని ఒక ఫారం కూడా నింపించారు, నీ అభిమాన ఆటగాడు ఎవరు, నీ లక్ష్యం ఏమిటి. అందరూ ఎన్‌బీఏ స్టార్ స్టెఫ్ కర్రీ పేరే రాశారు. ఎన్‌బీఏ టీములు కుర్రాడి హైస్కూల్ కోచ్ దాకా ఫోన్లు చేసి ఆరా తీస్తాయి, ఇక్కడ స్కూల్ పీఈటీ సార్‌కి ఒక్క ఫోన్ చేసి వీడు ప్రాక్టీస్‌కి రోజూ వస్తాడా, బెంచ్ మీద కూర్చోబెడితే మొహం ముడుచుకుంటాడా అని అడిగి ఉంటే ఆ ఫారం కంటే ఎక్కువ తెలిసేది.

నేనిచ్చేది రెండున్నర స్టార్లు. వీడియోకి ఒకటిన్నర, ఎగురూ పరుగూ కొలిచినందుకు అర, ఆ 6 నంబర్ బంతులకి అర. నడిపే కుర్రాడికి ఇదంతా ఫోన్‌లో చెప్పా, తిట్టుకోలేదు, దసరా బ్యాచ్‌లో బూట్లు విప్పించి కొలుస్తాం, వయసుని బట్టి రెండు గుంపులు చేస్తాం అన్నాడు. సగటు తీసెయ్యమంటే మాత్రం ఒప్పుకోలేదు, "పేరెంట్స్ అదే అడుగుతారు సార్" అన్నాడు. మా బావని తలుచుకుంటే అదీ నిజమే, ఆయన ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద పెట్టాడు.

వెళ్లేవాళ్లు నీళ్లు, టోపీ, సొంత టేపు తీసుకెళ్లండి. పిల్లల కొలతలు ముందురోజే ఇంట్లో గోడ దగ్గర తీసి రాసిపెట్టుకోండి. వీడియో మొదటి రోజే అడగండి, పెన్‌డ్రైవ్ మాత్రం మీదే తీసుకెళ్లండి, వాళ్ల దగ్గర కొంటే 300 అదనం.